ఇంట్లోనే స్పీకర్ బాక్స్ – 5వ పాఠం: ట్వీటర్‌కి ఫ్యూజ్

గత పాఠంలో క్రాసోవర్ బిగించాం, అంటే హై ఫ్రీక్వెన్సీలను ట్వీటర్‌కి, లో ఫ్రీక్వెన్సీలను వూఫర్‌కి విడదీసి పంపే సర్క్యూట్. ఈసారి ట్వీటర్ (సన్నటి, కీచుమనే శబ్దాలు పలికే చిన్న స్పీకర్) కాలిపోకుండా ఫ్యూజ్ పెడదాం.

డబ్బా మీద 100 వాట్లు అని ఉంటే నమ్మేయకండి. అది మొత్తం స్పీకర్ బాక్స్‌కి వేసిన లెక్క. ట్వీటర్ లోపలి సన్నటి వాయిస్ కాయిల్ ఆపకుండా తట్టుకునేది చాలావాటిలో 5 నుంచి 10 వాట్లే. బోనాలప్పుడు చిన్న ఆంప్లిఫయర్‌ని (ఆంప్) ఫుల్లుగా తిప్పితే పాట బరబరమంటుంది కదా, అసలు ప్రమాదం అక్కడే. అలా చెడిన సిగ్నల్‌లో హై ఫ్రీక్వెన్సీలు పెరిగి, అవన్నీ ట్వీటర్ మీదే పడతాయి. కాయిల్ వేడెక్కి తెగిపోతుంది.

ఎన్ని ఆంపియర్ల ఫ్యూజ్? వాట్లను ఓమ్‌లతో భాగించి వర్గమూలం తీయండి. 5 వాట్లు, 8 ఓమ్‌లు అయితే 0.79 ఆంపియర్లు. అయితే రేటింగ్ దాటగానే ఫ్యూజ్ పోదు, బాగా దాటాలి. అందుకే ఒక మెట్టు దిగి 630 మిల్లీ ఆంపియర్లది తీసుకోండి, లేదంటే 500. కోఠి గుజరాతీ గల్లీలో గాజు ఫ్యూజ్ అడిగినప్పుడు దాని లోహపు టోపీ మీది అక్షరం చూడండి. ‘ఎఫ్’ అంటే త్వరగా తెగేది, మనకు కావాల్సింది అదే. ‘టి’ నిదానంగా తెగుతుంది, అంతలో కాయిల్ పోతుంది.

ఎక్కడ పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. చాలామంది ట్వీటర్ పక్కనే పెట్టేస్తారు. ఒక్క కెపాసిటరే ఉంటే పర్వాలేదు. మన క్రాసోవర్‌లో కెపాసిటర్‌తో పాటు ఒక కాయిల్ కూడా ఉంది (ఇది ట్వీటర్ వాయిస్ కాయిల్ కాదు, వేరే). ఫ్యూజ్ తెగి ట్వీటర్ పక్కకు తప్పుకుంటే, క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ (శబ్దం రెండుగా విడిపోయే చోటు) దగ్గర ఆ కెపాసిటర్, కాయిల్ రెండూ కలిసి ఆంప్‌కి దాదాపు షార్ట్‌లా కనిపిస్తాయి. ట్వీటర్‌ని కాపాడబోయి ఆంప్‌ని పోగొట్టుకోవడమే. కాబట్టి ప్లస్ వైరులో, ట్వీటర్ లైన్ మొదట్లో, కెపాసిటర్ కంటే ముందు హోల్డర్ పెట్టి సోల్డర్ చేయండి. వూఫర్ లైన్‌ని ముట్టుకోవద్దు.

హోల్డర్ బాక్స్ వెనక చేతికందేలా ఉండాలి. లోపల దాచేస్తే ఫ్యూజ్ పోయిన రోజు రాగి తీగ చుట్టేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

ఫ్యూజ్ వేడిని ఆపుతుంది కానీ ఒక్కసారిగా వచ్చే దెబ్బను ఆపలేదు. ఆంప్ ఆన్‌లో ఉండగా వైర్లు పీకొద్దు.

వచ్చే పాఠానికి ముందు ట్వీటర్ వైరు విప్పి మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలిచి రాసి పెట్టుకోండి. 8 ఓమ్‌లది సాధారణంగా 6 దగ్గర చూపిస్తుంది. ఆ అంకెతోనే ఎల్-ప్యాడ్ (ట్వీటర్ శబ్దాన్ని తగ్గించే రెండు రెసిస్టర్ల జత) లెక్క మొదలుపెడదాం.