మన ట్యాక్స్ మనమే వేసుకుందాం – 7వ పాఠం: హీట్ పంప్ క్రెడిట్‌లో తరుగు

గత పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. 22 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు 1,800 డాలర్ల డిడక్షన్ వస్తే ఎంత మిగులుతుంది, 1,800 డాలర్ల క్రెడిట్ వస్తే ఎంత మిగులుతుంది అని. డిడక్షన్ వల్ల మిగిలేది 396 డాలర్లు. క్రెడిట్ వల్ల మిగిలేది మొత్తం 1,800. డిడక్షన్ ఆదాయంలోంచి పోతుంది, క్రెడిట్ నేరుగా పన్నులోంచి పోతుంది. ఇక్కడ తప్పు చేసినవాళ్లు ఒకసారి ఆరో పాఠం చూసి రండి. ఇవాళ్టి పాఠమంతా దానిమీదే నడుస్తుంది.

అమెరికాలో సొంతిల్లు ఉన్న మనవాళ్లలో చాలామంది ఈ రెండు మూడేళ్లలో పాత ఏసీ, ఫర్నేస్ తీసేసి హీట్ పంప్ పెట్టించుకున్నారు. అమ్మడానికి వచ్చినవాళ్లందరూ చెప్పిన మాట ఒక్కటే: "30 శాతం గవర్నమెంటు వెనక్కి ఇస్తుంది." అబద్ధం కాదు, కానీ బంగారం కొట్టులో గ్రాము ధర చెప్పి తరుగు, మజూరీ ఊసెత్తకపోవడం లాంటిది. ఆ తరుగు ఎక్కడెక్కడ పోతుందో చూడటమే ఈ పాఠం.

ముందు చరిత్ర రెండు ముక్కల్లో. పన్ను చట్టంలో ఈ క్రెడిట్ ఇచ్చే 25సి అనే సెక్షన్ 2005 ఇంధన చట్టంతో వచ్చింది. చాలా ఏళ్లు జన్మకంతటికీ 500 డాలర్లే పరిమితిగా ఉండేది. 2022 ఆగస్టు 16న సంతకమైన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ దాన్ని ఏడాదికోసారి వాడుకునేలా పెంచి, 2032 దాకా ఉంటుందంది. 2025 జులై 4న సంతకమైన కొత్త చట్టం ఆ గడువును 2025 డిసెంబర్ 31కి కుదించేసింది. అంటే 2025 రిటర్న్‌తో ఇది ఆఖరు. ఇప్పుడు నేర్చుకుని ఏం లాభం అంటారా? 2025లో పెట్టించినవాళ్లు 2025 రిటర్న్‌లోనే అడగాలి. 2023, 2024లో పెట్టించి క్రెడిట్ అడగడం మరిచినవాళ్లు రిటర్న్ వేసిన మూడేళ్లలోపు 1040-ఎక్స్ ఫారంతో సవరించుకోవచ్చు. నాకు తెలిసిన నాలుగిళ్లలో కనీసం ఒక్కరైనా ఇలా మరిచిపోయి ఉంటారు.

తేదీ సంగతి

మొదటి తరుగు డబ్బులో కాదు, తేదీలో. మీరు డబ్బు ఎప్పుడు కట్టారన్నది ఈ క్రెడిట్‌కు పట్టదు. యంత్రం బిగించడం పూర్తయి, ఆన్ చేస్తే పనిచేసే స్థితికి ఎప్పుడు వచ్చిందన్నదే లెక్క. 2025 డిసెంబర్ 20న పూర్తి డబ్బు కట్టి, పండగ సెలవుల వల్ల జనవరి 5న బిగించారనుకోండి, క్రెడిట్ సున్నా. 2024 డిసెంబర్‌లో కొని 2025 జనవరిలో బిగిస్తే అది 2025 రిటర్న్‌లోకి వస్తుంది. కాబట్టి కాంట్రాక్టరు బిల్లుమీద పని పూర్తయిన తేదీ లేకపోతే ఈమెయిల్లో అడిగి రాయించుకోండి. సిటీ పర్మిట్ తనిఖీ కాగితం ఉంటే దాన్ని కూడా అదే ఫైల్లో పెట్టుకోండి.

ఇంకో రెండు విషయాలు. ఇంట్లో మీరు ఉండాలి. డల్లాస్ శివార్లలో రెండో ఇల్లు కొని అద్దెకిచ్చినవాళ్లు ఆ ఇంటి హీట్ పంప్‌కు ఈ క్రెడిట్ అడగకూడదు. చిత్రంగా, అద్దెకున్నవాళ్లు తాముంటున్న ఇంట్లో సొంత ఖర్చుతో పెట్టించుకుంటే అడగొచ్చు. ఇక బిల్డర్ దగ్గర కొత్తగా కొన్న ఇంట్లో అప్పటికే ఉన్న యంత్రానికి రాదు. ఇది ఉన్న ఇంటిని బాగుచేసుకోవడానికి ఇచ్చే క్రెడిట్.

ఏ యంత్రమైనా సరిపోతుందా?

సరిపోదు. హీట్ పంప్ అంటే మామూలు ఏసీయే, కాకపోతే రెండు వైపులా తిరుగుతుంది. వేసవిలో ఇంట్లో వేడిని బయటికి తోస్తుంది, చలికాలంలో బయటి గాలిలో ఉన్న కాస్త వేడినీ లోపలికి లాక్కొస్తుంది. వేడిని పుట్టించదు, మోస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుతో రెండు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. చట్టం దీనిపట్ల పక్షపాతం చూపించింది కూడా అందుకే: హీట్ పంప్‌కు ఏడాదికి 2,000 డాలర్ల దాకా ఇస్తే, సెంట్రల్ ఏసీకి 600, గ్యాస్ ఫర్నేస్‌కు 600. అదీ ఫర్నేస్ సామర్థ్యం 97 శాతమో, అంతకన్నా ఎక్కువో ఉంటేనే.

యంత్రానికి అర్హత ఉందో లేదో మీరు సామర్థ్యం చెప్పే సీర్, హెచ్ఎస్‌పీఎఫ్ అంకెలు చూసి తేల్చుకోనక్కర్లేదు. తయారీదారు ఇచ్చే ధ్రువీకరణ పత్రం, ఏహెచ్ఆర్ఐ (ఏసీ, హీటింగ్ కంపెనీల సంఘం) సర్టిఫికెట్ నంబరు, ఈ రెండూ తీసుకోండి. ఏహెచ్ఆర్ఐ సర్టిఫికెట్ బయటి యూనిట్‌కు ఒక్కదానికే ఇచ్చేది కాదు, బయటి యూనిట్, లోపలి కాయిల్ జతకు ఇచ్చేది. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మా ఇంట్లో బయటి యూనిట్ మార్చిన కాంట్రాక్టరు "పైన కాయిల్ బాగానే ఉంది, ఎందుకు దండగ" అని పాతదాన్నే ఉంచేశాడు. ఖర్చు తగ్గిందని నేనూ సంతోషించాను. మార్చిలో రిటర్న్ వేసేటప్పుడు చూస్తే ఆ జతకు సర్టిఫికెటే లేదు. దండగ అయింది నా క్రెడిట్.

2025లో ఇంకో కాగితం కలిసింది. తయారీదారు ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) దగ్గర నమోదై ఉండాలి, ఆ కంపెనీకి ఇచ్చిన అక్షరాలు, అంకెలు కలిసిన నాలుగు స్థానాల కోడ్‌ను ఈ క్రెడిట్ అడిగే ఫారం 5695లో రాయాలి. కంపెనీ వెబ్‌సైట్లో దొరుకుతుంది. దొరక్కపోతే కాంట్రాక్టరును అడగండి. ఫారం తెరిచాక వెతుక్కుంటే టెన్షన్.

ఇప్పుడు లెక్క

ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. టెక్సస్‌లో సొంతిల్లు, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. 2025 మధ్యలో ఒకరి ఉద్యోగం పోయింది. ఏడాది ఆదాయం 60,000 డాలర్లకు కాస్త లోపు. బిల్లులు ఇవి:

హీట్ పంప్, కూలీతో కలిపి 14,500. కరెంటు కంపెనీ రిబేటు 1,000.
ఆ హీట్ పంప్ కోసమే మార్చిన 200 ఆంప్ ఎలక్ట్రికల్ ప్యానెల్ 2,400.
అటక ఇన్సులేషన్: సరుకు 1,500, కూలీ 1,300.
సర్టిఫికెట్ ఉన్న ఆడిటర్ చేసిన హోమ్ ఎనర్జీ ఆడిట్ (ఇంట్లో కరెంటు, వేడి ఎక్కడ వృథా అవుతున్నాయో చూసే తనిఖీ) 400.

హీట్ పంప్‌తో మొదలుపెడదాం. కరెంటు కంపెనీ ఇచ్చిన రిబేటు ముందే తీసేయాలి: 13,500. అందులో 30 శాతం 4,050. పరిమితి 2,000, కాబట్టి 2,000. చూడండి, రిబేటు తీసినా తీయకపోయినా ఇక్కడ జవాబు మారలేదు. 6,667 డాలర్లు దాటిన ప్రతి హీట్ పంప్‌కూ ఇంతే. అంతకుమించి పెట్టిన డాలర్లకు క్రెడిట్ కోణంలో విలువ లేదు. "ఖరీదైన మోడల్ తీసుకోండి, 30 శాతం ఎలాగూ వస్తుంది" అన్నవాళ్ల మాట ఇక్కడ తేలిపోతుంది.

మిగిలినవన్నీ ఇంకో బుట్టలోకి వెళ్తాయి. ఆ బుట్ట మొత్తానికి ఏడాది పరిమితి 1,200, లోపల కొన్ని వస్తువులకు మళ్లీ చిన్న పరిమితి. ప్యానెల్‌కు 30 శాతం 720, కానీ పరిమితి 600. ఇన్సులేషన్‌కు కూలీ లెక్కలోకి రాదు, సరుకుకే వస్తుంది: 1,500లో 450. హీట్ పంప్‌కు కూలీ వస్తుంది, ఇన్సులేషన్‌కు రాదు. ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే చాలామంది కాంట్రాక్టర్లు సరుకు, కూలీ కలిపి ఒకే అంకె వేస్తారు. విడగొట్టి ఇమ్మని ముందే చెప్పండి. ఆడిట్‌కు 120, దాని పరిమితి 150 కాబట్టి పూర్తిగా వస్తుంది. 600, 450, 120 కలిపితే 1,170. బుట్ట నిండలేదు.

మొత్తం 2,000 + 1,170 = 3,170. ఖర్చు ఎంత? రిబేటు పోను 19,100. అందులో 30 శాతం అంటే 5,730 రావాలి. చేతికి మిగిలింది 3,170. తరుగు 2,560.

కాస్త ఆగండి, ఇంకా చేతికి రాలేదు.

పన్ను లేనిదే క్రెడిట్ లేదు

ఈ క్రెడిట్ పన్నును సున్నా దాకా తగ్గిస్తుంది, అంతకు కిందికి పోయి రిఫండ్ ఇవ్వదు. మిగిలింది వచ్చే ఏడాదికి మోసుకుపోవడమూ కుదరదు. సోలార్ ప్యానెళ్లకు, జియోథర్మల్ హీట్ పంప్‌కు 2025 దాకా వర్తించిన 25డి సెక్షన్‌లో మిగిలింది మోసుకుపోవచ్చు. రెండూ ఒకే ఫారంలో ఉండటంతో చాలామంది కలగలిపేస్తారు. అది మొదటి భాగం, మనది రెండో భాగం.

మన కుటుంబానికి ఫారం 1040లో 18వ వరుసలో పన్ను 2,900 అని తేలింది. ఇండియాలో ఎన్ఆర్ఓ ఖాతాలో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, దాని వడ్డీమీద అక్కడ కట్టిన పన్నుకు ఫారెన్ ట్యాక్స్ క్రెడిట్ లెక్క కడితే 240 వచ్చింది. ఇది ముందు తీసేయాలి. పిల్లల డేకేర్ ఖర్చు క్రెడిట్, చదువు క్రెడిట్ ఉంటే అవీ ముందే పోతాయి. వీళ్లకు అవి లేవు. మిగిలిన పన్ను 2,660. మన క్రెడిట్ 3,170 ఉన్నా వాడగలిగేది 2,660 మాత్రమే. 510 డాలర్లు గాలిలో కలిసిపోయాయి.

ఇక అసలు మెలిక. ఇది నేను చాలా ఆలస్యంగా గమనించాను. పిల్లల క్రెడిట్ (చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్) వరసలో 25సి తర్వాత వస్తుంది. 2025లో ఒక్కో పిల్లకు లేదా పిల్లవాడికి 2,200. అందులో పన్ను లేకపోయినా రిఫండ్‌గా వచ్చే భాగం ఒక్కొక్కరికి గరిష్ఠంగా 1,700. మన ఇద్దరు పిల్లలకూ ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) ఉంది, కాబట్టి మొత్తం 4,400.

హీట్ పంప్, మిగతావీ పెట్టించలేదనుకోండి. 2,660 పన్నును పిల్లల క్రెడిటే తుడిచేసేది. మిగిలిన 1,740 రిఫండ్‌గా వచ్చేది. పెట్టించారు కాబట్టి పన్నును 25సి తుడిచేసింది. పిల్లల క్రెడిట్‌కు తుడవడానికి పన్నే మిగల్లేదు, రిఫండ్‌గా 3,400 మాత్రమే వస్తుంది, మిగతా 1,000 పోయింది. 1,740 ఎక్కడ, 3,400 ఎక్కడ, తేడా 1,660. ఈ కుటుంబానికి హీట్ పంప్, ప్యానెల్, అటక అన్నీ కలిపి పన్ను వైపు నుంచి నిజంగా దక్కింది ఈ 1,660 డాలర్లే. కాగితంమీద 5,730తో మొదలైంది గదా!

అందరికీ ఇంత తరుగు ఉండదు. ఇద్దరూ ఉద్యోగాల్లో ఉండి, పన్ను పది వేలు దాటే ఇంట్లో ఇదే బిల్లులకు 3,170 మొత్తం వస్తుంది, పిల్లల క్రెడిట్‌కూ దెబ్బ తగలదు. పిల్లలు హెచ్-4 వీసామీద ఐటీఐఎన్‌తో (ఎస్ఎస్ఎన్ లేనివాళ్లకిచ్చే పన్ను నంబరు) ఉంటే వాళ్లకొచ్చేది 500 డాలర్ల వేరే క్రెడిట్, దాంట్లో రిఫండ్ భాగం లేదు. అలాంటి ఇంట్లో ఈ లెక్క మళ్లీ వేరు.

ఫారంలో ఎక్కడ రాయాలి

ఇది పెద్ద పని కాదు. ఫారం 5695 రెండో భాగంలో ఇంటి చిరునామా, వస్తువుల ఖర్చులు, కోడ్ రాస్తారు. చివర తేలిన అంకె షెడ్యూల్ 3లో 5బి వరుసకు, అక్కడి మొత్తం ఫారం 1040లో 20వ వరుసకు వెళ్తుంది. సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఒక్క విషయం చూసుకోండి: మీరు ఖర్చు ఏ పెట్టెలో వేశారు. హీట్ పంప్‌ను పొరపాటున "సెంట్రల్ ఏసీ" పెట్టెలో వేస్తే సాఫ్ట్‌వేర్ నోరు మెదపకుండా 600 ఇచ్చి ఊరుకుంటుంది. బిల్లులు రిటర్న్‌తో పంపనక్కర్లేదు, దగ్గర ఉంచుకోవాలి.

ఈ వారం అభ్యాసం

న్యూజెర్సీలో ఒక కుటుంబం, తాముంటున్న సొంతిల్లు. వస్తువులన్నిటికీ అర్హత ఉందనుకోండి. హీట్ పంప్ కూలీతో 5,200, కరెంటు కంపెనీ రిబేటు 1,200, బిగించింది 2025 అక్టోబర్. హీట్ పంప్ వాటర్ హీటర్ 3,000, నవంబర్ (ఇది కూడా 2,000 బుట్టలోదే). కిటికీలు సరుకు 2,500, కూలీ 900, డబ్బు డిసెంబర్‌లో కట్టారు, పని 2026 జనవరి 6న పూర్తయింది. బయటి తలుపులు రెండు, డిసెంబర్ మొదట్లో బిగించారు, సరుకు ధర ఒకటి 700, ఒకటి 1,000. తలుపుకు పరిమితి 250, అన్ని తలుపులకూ కలిపి 500. పన్ను 9,000, వేరే క్రెడిట్లు లేవు.

ఎంత వస్తుంది? 3,060 అని వచ్చినవాళ్లు "తేదీ సంగతి" మళ్లీ చదవండి. జవాబు వచ్చే పాఠంలో. అందులోనే 2023 రిటర్న్‌ను 1040-ఎక్స్‌తో సవరించడం మొదలుపెడదాం, పాత రిటర్న్ కాపీ దగ్గర పెట్టుకుని రండి.