మామిడి సీజన్‌కి బొలేరో వెనకాల కమాన్ పట్టీ వేయిస్తున్నారా, ముందు ఇవి చూస్కోండి

ఏప్రిల్ వచ్చిందంటే మా నూజివీడు వైపు కమాన్ (బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగు కట్ట) షాపుల ముందు బొలేరో పికప్‌లు బారులు తీరతాయి, అందరిదీ ఒకటే మాట, "మేస్త్రీ, చెరో పట్టీ వేసెయ్, ఈసారి బాటసింగారం లోడ్లు ఉన్నాయ్" అని (హైదరాబాద్ దగ్గర పండ్ల మార్కెట్ అది). నేనూ వేయించినోణ్ణే, తప్పని చెప్పట్లా. కాకపోతే పట్టీ వేస్తే ఏం మారుద్దో ఏం మారదో తెలిసి వేయించుకోండి.

మారేది ఒక్కటే, వెనక కుంగదు. యాక్సిల్ అదే, బేరింగులు అవే, బ్రేకులు అవే, టైర్లూ అవే. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, మామూలుగా లోడ్ ఎక్కువైతే బండి వెనక కూర్చుండిపోయి ఇక చాల్రా బాబూ అని అదే చెప్పుద్ది, పట్టీ వేశాక నిటారుగా నిలబడుద్ది కాబట్టి మనం ఇంకో పది ట్రేలు పడేస్తాం. 1.7 టన్నుల మోడల్ ఎన్ని పట్టీలేసినా 1.7 టన్నుల బండే. 20 కిలోల ట్రే అంటాం గానీ ట్రే బరువు కూడా కలిపితే 22కి తగ్గదు, 80 ట్రేలంటే అక్కడికే 1,760 కిలోలు, ఇంక డాలాకి (వెనక సరుకు పెట్టే తొట్టికి) వేయించిన ఇనప రాడ్లు, పట్టా, పక్కన కూర్చున్న రైతు ఇవన్నీ ఎవడు లెక్కేస్తాడు? మొదటి లోడ్‌కి వేబ్రిడ్జి ఎక్కించండి, మొత్తం ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే పెట్టి ఇంకోసారి. వెనక యాక్సిల్ మీద ఎంత పడుతుందో అప్పుడు తెలుస్తది.

ఇక షాపులో. స్క్రాప్‌లో దొరికిన పాత పట్టీ వేస్తానంటే వెంటనే ఊఁ అనకండి. కిరోసిన్‌తో తుడిపించి, ఆరాక సుద్దపొడి రుద్దండి, కాసేపటికి తెల్లటి పొడి మీద వెంట్రుక లాంటి తడి గీత కనపడితే అది పగులు, పక్కన పారేయండి. రెండు వైపులా ఒకే మందం, ఒకేసారి వేయాలి. పట్టీ మీద వెల్డింగ్ పెట్టనివ్వొద్దు, వేడికి ఆ ఉక్కు పదును పోయి అక్కడే విరుగుద్ది. పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్ట్ ఊడదీసేటప్పుడు కట్టకి క్లాంప్ పెట్టారో లేదో చూడండి, బిగువు మీదున్న పట్టీలు ఒక్కసారిగా ఎగిరితే చెయ్యి పోద్ది. జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎవరినీ కిందికి దూరనివ్వొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే.

కట్టని యాక్సిల్‌కి బిగించి ఉంచే యూ బోల్టులు కొత్తవే వేయించండి. కట్ట మందం పెరిగింది కాబట్టి పాతవి పొట్టి అవుతాయి, నట్టు బిగించాక మరలు బయటికి కనపడాలి.

చాలామంది పట్టించుకోనిది బ్రేకు వాల్వు. కొన్ని బండ్లకి వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్ మీద ఉన్న వాల్వుకి సన్నటి లింకు ఉంటది, వెనక ఎంత కుంగితే అంత లోడ్ ఉందని లెక్కేసుకుని వెనక బ్రేకుకి ఆయిల్ ప్రెషర్ వదులుద్ది. పట్టీ వేసి ఎత్తు లేపేస్తే దానికి బండి ఖాళీగా ఉన్నట్టే అనిపించి, నిండు లోడ్‌లో వెనక బ్రేకు సరిగ్గా పట్టదు. ఆ లింకు మళ్ళీ సెట్ చేయించాలి, కమాన్ మేస్త్రీకి తెలియకపోతే సర్వీస్ సెంటర్‌కి పోండి.

టైరు పక్కన రాసిన లోడ్ ఇండెక్స్ నంబర్ చూడండి, 104 అంటే ఒక్క టైరు మోసేది 900 కిలోలు, 108 అంటే 1,000. స్టెప్నీ కూడా అదే రకం ఉండాలి. గాలి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి, మే ఎండలో టైరు కాలిందని మధ్యలో గాలి తీసేస్తే అదే టైరు ఇంకా వేడెక్కుద్ది.

ఓవర్‌లోడ్ దొరికితే కేంద్ర చట్టం ప్రకారం 20,000 రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకి ఇంకో 2,000, ఎక్కువైన సరుకు అక్కడే దింపించాలి. మామిడికాయ రోడ్డు పక్కన దింపితే సంగతేంటో మీకు చెప్పక్కర్లేదు. ఇన్సూరెన్స్ వాళ్ళతో గొడవ వేరే. ఇంకోటి, పట్టీలు ఎక్కువైతే తక్కువ లోడ్‌లో బండి ఎగిరెగిరి పడి కాయ కమిలిపోద్ది, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు వానలో గట్టిగా బ్రేకేస్తే వెనక జారుద్ది.

నా బండికి పట్టీ వేయించిన రెండో ట్రిప్పులోనే, సూర్యాపేట దాటాక స్పీడ్ బ్రేకర్ మీద టక్‌మని చప్పుడు వచ్చింది, ఏదో రాయి అనుకుని పోతా ఉన్నా. బండి ఒక పక్కకి లాగుతుంటే దిగి చూశా, సెంటర్ బోల్ట్ తెగి ఎడమ వైపు యాక్సిల్ రెండు వేళ్ళ మందం వెనక్కి జరిగింది, టైరు మడ్‌గార్డ్‌కి రాసుకుని రబ్బరు వాసన. కారణం వేరే ఏం లేదు, యూ బోల్టులు కొత్తలో కొంచెం లూజవుతాయి, మొదటి లోడ్ తర్వాత మళ్ళీ బిగించాలి, నేను బిగించలా. ఇప్పుడైతే మొదటి ట్రిప్పులో చౌటుప్పల్ దగ్గర టీకి ఆగినప్పుడు నట్ల మీద చెయ్యి పెట్టి చూస్తా, తిరిగి ఇంటికొచ్చాక షాపుకి తీసుకెళ్ళి నాలుగు యూ బోల్టులూ టార్క్ రెంచ్‌తో బిగించాకే రెండో లోడ్‌కి ఒప్పుకుంటా.