ముళ్లు కాదు, నడినెత్తి చూడండి

నల్గొండ నుంచి అండమాన్ వెళ్లొచ్చాక ఫోన్ తీస్తే, సీ అర్చిన్ (ఒళ్లంతా ముళ్లుండే గుండ్రటి సముద్ర జీవి) ఫోటోలన్నీ ఒకేలా, మన చెలకల్లో పల్లేరుకాయలకు నల్లరంగు వేసినట్టున్నాయి. ఏది ఏ రకమో తెలియలేదు. ముళ్లు వదిలేసి నడినెత్తి జూమ్ చేయండి. అక్కడి బుడిపె మీద నారింజ రంగు ఉంగరం, చుట్టూ ఐదు తెల్ల చుక్కలు ఉంటే డయాడెమా సెటోసమ్. ఉంగరం లేకుండా నీలి గీతలు మెరుస్తుంటే చాలావరకు డయాడెమా సావిన్యీ.

అందుకే రెండు ఫోటోలు తీయాలి. ఒకటి సరిగ్గా పైనుంచి, ఇంకొకటి కాస్త దూరం నుంచి, అది ఉన్న చోటు కనిపించేలా: పగడాల సందా, ఇసుకా, సముద్రపు గడ్డి మొలిచిన చోటా. పగలు ఇవి ఎక్కువగా సందుల్లోనే నక్కి ఉంటాయి, రాత్రి నాచు మేయడానికి బయటికొస్తాయి.

ఈ రెండు జాతులు కలిసి పుట్టినవీ ఉంటాయి, వాటి దగ్గర ఈ గుర్తులు పనిచేయవు. ఫోటో కోసం మాత్రం చెయ్యి పెట్టకండి, ముల్లు గుచ్చుకుని లోపలే విరుగుతుంది.