విత్తనానికి ఏ మొక్క వదలాలి: ఇంటి టమాట, దోస, కర్బూజ

మిద్దె మీద నాలుగు కుండీలు ఉన్నవాళ్ళకైనా, పెరట్లో రెండు మడులు ఉన్నవాళ్ళకైనా నేను చెప్పేది ఒకటే, ప్రతి సీజన్‌కీ విత్తనాలు కొనక్కర్లేదు, కానీ దాచేటప్పుడు పెద్ద కాయ కనపడింది కదా అని దాచకండి, మొక్కని చూసి, నోట్లో వేస్కుని రుచి చూసి దాచండి. టమాటకి ఇదంతా చాలా ఈజీ. దోస, కర్బూజ దగ్గరకొచ్చేసరికి మధ్యలో తేనెటీగలు ఉంటాయి కాబట్టి ఒక సాయంత్రం, ఒక పొద్దున కాస్త ఓపిక పట్టాలి.

ముందు ఏ విత్తనంతో మొదలుపెడుతున్నారో చూస్కోండి. ప్యాకెట్ మీద ఎఫ్1 అనో హైబ్రిడ్ అనో రాసుంటే, అంటే రెండు రకాల్ని కలిపి చేసిన మొదటి తరం అయితే, అందులోంచి మీరు తీసిన విత్తనం మొలుస్తుంది, కాస్తుంది కూడా, కానీ తల్లి మొక్కలా రాదు, ఒకటి చప్పగా, ఒకటి పుల్లగా, ఒకటి చిన్న రోగానికే పడిపోయేలా, ఇలా ఒక్కో మొక్క ఒక్కో దారిన పోతుంది. మార్కెట్లో కొన్న టమాటాల్లో ఎక్కువ హైబ్రిడ్లే, వాటి గింజలు వేసినా ఇదే కథ. పేరు చూసి కూడా నమ్మొద్దు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ళ అర్క వికాస్ టమాట సూటి రకం, అంటే గింజ వేస్తే తల్లి మొక్కలాగే వస్తుంది, హాయిగా విత్తనం దాచుకోవచ్చు, అదే సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ మాత్రం హైబ్రిడ్, అది మళ్ళీ కొనుక్కోవాల్సిందే. పూసా రూబీ, తమిళనాడు పెరియకుళం ఉద్యాన కళాశాల వాళ్ళ పీకేఎం-1 కూడా దాచుకోదగ్గవే. ఇవేవీ దొరక్కపోయినా ఊళ్ళో ఎవరి పెరట్లోనైనా గాట్లు పడ్డట్టుండే చిన్న నాటు టమాట కనిపిస్తే రెండు పండ్లు అడిగి తెచ్చుకోండి, చారుకి, రోటి పచ్చడికి దాన్ని మించింది లేదు.

టమాటకి రాత్రిపూట చల్లదనం కావాలి. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా వేడి తగ్గకపోతే పూత అంతా రాలిపోతుంది, మీరు ఎంత ఎరువేసినా పిందె నిలవదు. అందుకే మన దగ్గర ఆగస్టు చివర్లోనో సెప్టెంబర్లోనో నారు పోసి, 25, 30 రోజుల నారుని కుండీల్లోకి మార్చుకుంటే డిసెంబర్, జనవరిలో మంచి కాపు చేతికొస్తుంది. నారు నాటేటప్పుడు కింది ఆకులు తుంచేసి కాండం సగం దాకా మట్టిలోకి పోయేలా పెట్టండి, ఆ కాండం నుంచి కూడా వేర్లు వస్తాయి. మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి చాలు. ఒకరోజు కుండీ ఎండిపోయేదాకా వదిలేసి మర్నాడు బక్కెట్ నీళ్ళు గుమ్మరిస్తే కాయలు పగులుతాయి, అడుగు నల్లబడి కుళ్ళుతుంది, నీళ్ళు రోజూ ఒకే తీరుగా పెట్టండి. ఆకు ముడత తెల్లదోమ వల్ల వస్తుంది కాబట్టి మొదట్నుంచే పసుపు జిగురు అట్టలు కట్టండి, ముడత బాగా పట్టిన మొక్కని పీకేయడమే మంచిది, దాన్నుంచి విత్తనం అసలు ఆశించకండి.

దోస, కర్బూజ, పుచ్చ మాత్రం ఎండని ఇష్టపడతాయి. జనవరి, ఫిబ్రవరిలో గింజ పెడితే ఎండాకాలానికి పండ్లు. వీటికి నారు మార్చడం పడదు, వేరు కదిలితే అలుగుతాయి, గింజని నేరుగా పెద్ద కుండీలోనే పెట్టండి. మిద్దె మీదైతే తీగని వలకి ఎక్కించి, కర్బూజ కాయ నిమ్మకాయంత అయ్యాక పాత చున్నీ గుడ్డతో ఉయ్యాలలా కట్టి బరువు ఆపండి. పండుఈగ వీటి పెద్ద శత్రువు, పిందె మీద గుడ్లు పెట్టేస్తుంది, లోపల పురుగు, కాబట్టి పిందె నిలిచిందని తెలియగానే పల్చటి గుడ్డ సంచి తొడిగేయండి. పండే ముందు వారం పది రోజులు నీళ్ళు తగ్గిస్తే కర్బూజలో తీపి బాగా పెరుగుతుంది.

ఇక రుచి సంగతి. టమాటలు ఫ్రిజ్‌లో పెట్టి రుచి చూడకండి, చల్లదనానికి వాసన చచ్చిపోతుంది, వాసన పోతే టమాటలో మిగిలేది పులుపూ నీళ్ళే. మొక్కమీదే ఎర్రబడిన పండు తెంపి, ఒక్కో మొక్కది విడిగా పెట్టి, ముందు ఉప్పు లేకుండా ఒక ముక్క, తర్వాత చిటికెడు ఉప్పుతో ఒక ముక్క తినండి. ఇంట్లో నలుగురికీ పెట్టండి, పిల్లల నోరు చాలా కచ్చితంగా చెప్తుంది. ఇక్కడ ఒకటి బాగా గుర్తుపెట్టుకోవాలి, ఒకే మొక్కకి కాసిన పెద్ద టమాటలో, చిన్న టమాటలో ఉన్న విత్తనం గుణం దాదాపు ఒకటే, ఎందుకంటే టమాట పువ్వు ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది. కాబట్టి కాయ సైజు పోటీ కాదు, రుచి బావుండి, రోగం తట్టుకుని, చివరిదాకా కాసిన మొక్క ఏదో దానికి రంగు దారం కట్టండి.

దోసకాయ రుచి చూడటం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, పప్పులో వేసే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టడం ప్రతి ఇంట్లో ఉన్నదే. చేదు తగిలితే ఉమ్మేయండి, ఆ కాయ వండొద్దు, ఆ తీగ విత్తనం కూడా ఉంచొద్దు, చేదు తర్వాతి తరానికి పోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. దోసకాయ, కర్బూజ, బుడమకాయ అన్నీ ఒకే కుటుంబం మాత్రమే కాదు, ఒకే జాతి కూడా, ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అంటుతుంది. పక్కపక్కన వేస్తే ఈ ఏడు కాసిన కర్బూజ రుచి ఏమీ మారదు, తీపిగానే తింటారు, కానీ దాని లోపలి గింజ వేస్తే వచ్చే ఏడు అటు పప్పుకీ ఇటు పండుకీ పనికిరాని కాయ రావచ్చు. పుచ్చకీ, కీరాకీ ఈ భయం లేదు, అవి వేరే జాతులు, ఇంకో రకం పుచ్చ, ఇంకో రకం కీరా దగ్గర్లో లేకుండా చూస్కుంటే చాలు. మీ ఇంట్లో ఒక్కటే వేసినా పక్కింటి మిద్దె మీద దోస ఉంటే తేనెటీగలకి గోడ అడ్డం కాదు కదా.

అందుకని చేత్తో పుప్పొడి అంటించాలి. సాయంత్రం తీగ దగ్గరకెళ్ళి, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలు చూడండి, కొస పసుపు తిరిగి ఉంటాయి. కింద చిన్న పిందె ఉన్నది ఆడది, సన్న కాడ మాత్రమే ఉన్నది మగది. ఒక ఆడ మొగ్గ, రెండు మూడు మగ మొగ్గలు తీస్కుని కొసల్ని దారంతో వదులుగా కట్టండి, తేనెటీగ దూరకుండా. పొద్దున్నే, ఎండెక్కక ముందే, మగ పువ్వు తెంపి రేకులు తీసేసి, ఆడ పువ్వు విప్పి మధ్యలో ఉన్న జిగురు బొడిపె మీద మెల్లగా రాయండి, మళ్ళీ రేకులు మూసి కట్టేసి కాడకి ఒక దారం గుర్తు పెట్టండి. కర్బూజలో చాలా పిందెలు రాలిపోతాయి, అది మామూలే, అప్పటికే తీగ మీద పెద్ద కాయలుంటే మీరు కట్టింది నిలవడం కష్టం, అందుకే మొదటి పూతలోనే ఈ పని చేయండి, చేసినప్పుడల్లా నాలుగైదు పువ్వులకి చేయండి.

టమాట విత్తనం తీయాలంటే బాగా మెత్తబడిన పండు కోసి గింజలు, రసం గ్లాసులోకి పిండి రెండు చెంచాల నీళ్ళు పోసి గుడ్డ కట్టి నీడలో పెట్టండి. గింజ చుట్టూ ఉన్న జిగురు మొలకని ఆపుతుంది, పులిస్తే అది కరిగిపోతుంది. మన వేడికి రెండు రోజులు చాలు, పైన తెల్లగా నురగో బూజో కడితే అయిపోయినట్టే, ఇంకా వదిలితే గ్లాసులోనే మొలకలొస్తాయి. నీళ్ళు పోసి కలిపి తేలిన తాలు వంపేసి, అడుగున ఉన్నవి జల్లెట్లో కడగండి. కర్బూజ కాడ దానంతటదే ఊడి వాసన కొట్టినప్పుడు తినండి, తింటూనే గింజలు తీస్కోవచ్చు. దోస మాత్రం కూరకి కోసే దశలో పనికిరాదు, తీగ మీదే పూర్తిగా పండి, తర్వాత ఇంట్లో ఇంకో రెండు వారాలు పెట్టాక కోయండి.

ఆరబెట్టడం నీడలో, స్టీలు పళ్ళెంలో, పేపర్ మీదైతే అంటుకుపోతాయి. రోజుకి రెండుసార్లు చేత్తో కలపండి. దోస గింజ వంచితే టప్‌మని విరగాలి, వంగితే ఇంకా తేమ ఉన్నట్టు. పూర్వం బూడిద కలిపి దాచేవాళ్ళు, పిడకల్లో గుచ్చి గోడకి కొట్టేవాళ్ళు, ఇప్పుడైతే కాగితం పొట్లం కట్టి, రకం పేరు, ఏడాది రాసి, సిలికా జెల్ పొట్లంతో గాజు సీసాలో గట్టిగా మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. టమాట నాలుగేళ్ళు, దోస, కర్బూజ ఐదేళ్ళు బాగానే మొలుస్తాయి. పాతవాటి మీద అనుమానముంటే పది గింజలు తడిగుడ్డలో చుట్టి వారం చూడండి, ఏడెనిమిది మొలిస్తే భయం లేదు, ఐదే మొలిస్తే రెట్టింపు పెట్టండి. ఒక పొట్లం పక్కింటివాళ్ళకి కూడా ఇవ్వండి, మీ దగ్గర పంట పోయిన ఏడు అడిగి తెచ్చుకోవడానికి ఉంటుంది.