టౌనుకు మోసుకపోయే ముందు ఇంట్లోనే చూస్కోండి: ఫ్యాను, మిక్సీ, ఆమీట బండి

మా ఊరి నుంచి తాడిపత్రికి 14 కిలోమీటర్లు. మిక్సీ తిరగలేదంటే గోతాంలో చుట్టి బండికి కట్టుకోని పోవాల, అంగడాయన సాయంత్రం రాప్పా అంటాడు, సాయంత్రం పోతే ఇంకా విప్పలేదు రేపు రా అంటాడు, అట్ల మూడు తూర్లు తిరిగితే పెట్రోలు పాయె, ఒక దినం కూలీ పాయె. రెండేండ్ల కిందట మాకు ఇట్లనే అయింది. టౌన్లో ఒక అంగట్లో చూపిస్తే వైండింగ్, అంటే మోటరు లోపల రాగితీగ చుట్టు, కాలిపోయింది అని 900 తీసుకున్నారు, నెల తిరక్కముందే మళ్ళా ఆగిపోయింది, ఈసారి పోబుద్ధి కాక నేనే విప్పి చూస్తే లోపల కార్బన్ బ్రష్షులు, అంటే తిరిగే మోటరుకు కరెంటు అందించే నల్ల ముక్కలు, అరిగి గోరంత మిగిలుండాయి. కొత్త జత 40 రూపాయలకు తెచ్చి వేస్తే ఈ పొద్దుకు గూడ తిరుగుతాండాది. మోసపోయినందుకు కడుపు మండింది నిజమే, కానీ మన ఊర్లల్లో శానా మందికి ఇట్లనే జరుగుతాంటాది, అందుకే నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తాండా.

ఒకటే పద్ధతి గుర్తు పెట్టుకోండి, ఏది చెడిపోయినా ముందు రూపాయి ఖర్చు లేని కారణం చూడాల, తర్వాత యాభై రూపాయల కారణం, అవి రెండూ కాదని తేలినాకనే టౌను సంగతి. మా పక్క బండల పాలిష్ ఫ్యాక్టరీలు ఉండాయి గదా, ఆ తెల్ల దుమ్ము ఒకటి, చేన్ల ఎర్ర దుమ్ము ఒకటి, ఎండాకాలం వస్తే ఇంట్లో ఏ వస్తువు విప్పినా పిడికెడు మన్ను రాలుతాది. వస్తువు పాతదైంది అనుకునేవి సగానికి సగం దుమ్ము పట్టినవే.

సామాన్లు కూడా ఎక్కువేం వద్దు. టెస్టరు, స్టారు స్క్రూడ్రైవరు, మామూలు స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు, ఇన్సులేషన్ టేపు, పాత టూత్ బ్రష్, బండితో పాటు ఇచ్చిన పానాలు. ఇవి ఒక పాత నూనె డబ్బాలో పెట్టి అటక మీద కాకుండా చేతికి అందే చోట పెట్టండి.

కరెంటు పని మొదలు పెట్టే ముందు మెయిన్ ఆపాల. స్విచ్ ఆపినాం గదా చాలదా అంటారు, చాలదు. పాత మిద్దెల్లో వైరింగు చేసినోళ్ళు శానా చోట్ల ఫేజు, న్యూట్రలు తారుమారు చేసింటారు, అప్పుడు స్విచ్ ఆపినా ఫ్యాను దగ్గర కరెంటు ఉంటానే ఉంటాది. మెయిన్ ఆపి, టెస్టరు పెట్టి చూసి, కాళ్ళకు చెప్పులు వేసుకోని, చేతులు తుడుచుకోని ఆ తర్వాతే ముట్టుకోండి. కడిగిన తడి బండల మీద నిలబడి చెయ్యొద్దండి. కరెంటు స్తంభం దగ్గర, మీటరు అవతల ఏం సమస్య వచ్చినా మనం ముట్టుకోకూడదు, 1912కి ఫోన్ చేస్తే లైన్‌మ్యాన్ వస్తాడు.

ఫ్యాను సంగతి. నెమ్మదిగా తిరుగుతాంటే ఇంట్లో రెండో ఫ్యాను కూడా చూడండి, పక్కింటోళ్ళను కూడా అడగండి. అన్నీ నెమ్మదిగా ఉంటే అది లో వోల్టేజి, మీ ఫ్యానుకు ఏం కాలేదు. మీది ఒక్కటే నెమ్మదిగా ఉన్నా, లేకపోతే రొద చేస్తా కదలకుండా ఉండి, కట్టెతో రెక్కను రవ్వంత తోస్తే మెల్లగా అందుకుంటాంటే మాత్రం కండెన్సరు, అంటే మోటరు తిరగడానికి ఊతమిచ్చే చిన్న డబ్బా, పోయిందని నూటికి తొంభై పాళ్ళు అనుకోవచ్చు. అదే కరెంటు ఆపి చేత్తో తిప్పినా గరగర అంటా బిగుసుకుంటాంటే బేరింగు, అది ఇంట్లో అయ్యే పని కాదు, ఫ్యాను దించి టౌనుకు తీసకపోవాల్సిందే.

కండెన్సరు మార్చడం అరగంట పని. మెయిన్ ఆపి, గట్టి స్టూలు వేసుకోని, కింద ఒకరు పట్టుకోని ఉంటే ఫ్యాను కడ్డీకి ఉండే కప్పు స్క్రూ వదులు చేసి జరిపితే తెల్లగానో నల్లగానో చిన్న డబ్బా కనపడతాది. విప్పే ముందు ఫోన్లో ఫోటో తీసుకోండి, ఏ వైరు యాడ ఉందో ఆ ఫోటోనే చెప్తాది, వైర్లు తారుమారైతే ఫ్యాను ఉల్టా తిరిగి గాలి పైకి పోతాది. కరెంటు ఆపినా కండెన్సర్లో రవ్వంత ఛార్జి ఉంటాది కాబట్టి ప్లాస్టిక్ పిడి ఉండే స్క్రూడ్రైవరుతో దాని రెండు వైర్ల కొనలు ఒకసారి కలిపి తర్వాత పట్టుకోండి. దాని మీద 2.5 మైక్రోఫారాడ్ అనో 3.15 అనో రాసుంటాది, ఏది రాసుంటే అదే తెచ్చుకోవాల. 2.5 ఉన్న చోట 4ది వేస్తే స్పీడుగా తిరుగుతాది అని మా ఊర్లో కూడా కొందరు వేయించుకున్నారు, స్పీడు కొన్నాళ్ళు వచ్చింది, తర్వాత మోటరు వేడెక్కి వైండింగే పోయింది, దయచేసి ఆ పని చెయ్యొద్దండి. ఇప్పుడొచ్చే రిమోటు బీఎల్‌డీసీ ఫ్యాన్లలో ఈ కండెన్సరు ఉండదు, లోపల బోర్డు ఉంటాది, వాటిని విప్పకండి.

ఎట్లాగూ పైకి ఎక్కినారు కాబట్టి కొక్కి దగ్గర బోల్టు, దానికి అడ్డం ఉండే పిన్ను కూడా చూడండి, పిన్ను రెండు కొనలు వంచి ఉండాల. పిల్లోళ్ళు ఆ ఫ్యాను కిందనే పడుకుంటారు గదా. ఊగుతాంటే రెక్కల స్క్రూలు బిగించి, ఇంటి కప్పుకు ఒక్కొక్క రెక్క కొన ఎంత దూరం ఉందో ఒకే చోట నుంచి స్కేలుతో కొలిచి చూడండి, ఒకటి మాత్రం తేడాగా ఉంటే ఆ రెక్కదే ఊగు.

ఇంక మిక్సీ. మా అమ్మ అడుగుతాది, "నాయనా, రొద చేస్తాండాది గానీ తిరగడం ల్యా" అని. ఆ మాటలోనే సగం జవాబు ఉంటాది. రొద చేసి తిరగకపోతే ముందు జారు తీసేసి ఉత్త మోటరు ఆడించండి. ఉత్తది తిరిగితే మోటరు బాగుంది, జారు అడుగున బుష్షు బిగుసుకుంది. మన బోరు నీళ్ళల్లో ఉప్పు ఎక్కువ, కడిగి బోర్లించకుండా పెడితే ఆ ఉప్పు, మసాలా కలిసి అడుగున గట్టిగా పట్టేస్తాది. వేన్నీళ్ళల్లో గంట నానబెట్టి, అడుగు వైపు రెండు చుక్కలు చెనిక్కాయ నూనె వేసి చేత్తో అటు ఇటు తిప్పితే చాలా సార్లు వదులుతాది, బండి ఆయిలు, గ్రీజు మాత్రం వెయ్యొద్దు, తినే వస్తువు అది.

రొదే లేకపోతే ఇంకో దావ. ప్లగ్గు తీసేసి మిక్సీని తలకిందులు చేసి చూడండి, అడుగున ఎర్ర బటన్ ఉంటాది, ఎక్కువ లోడు పడినప్పుడు అది బయటికి తన్నుతాది. పది నిమిషాలు చల్లారనిచ్చి ఒత్తితే చాలు. ఊరిబిండికి వేయించిన చెనిక్కాయలు జారు నిండా పోసి ఆపకుండా ఆడిస్తే ఇదే జరుగుతాది. ఎంతసేపు ఆడించి ఎంతసేపు ఆపాలో అడుగున స్టిక్కరు మీద రాసే ఉంటాది, దాన్ని ఎవరూ చదవరు. బటన్ ఒత్తినా పలకకపోతే అప్పుడు బ్రష్షులు. ప్లగ్గు గోడ నుంచి పీకేసి, అడుగు రేకు విప్పితే మోటరుకు రెండు పక్కలా ఎదురెదురుగా రెండు చిన్న గూళ్ళు ఉంటాయి, వాటి స్క్రూ విప్పితే స్ప్రింగుతో పాటు నల్లటి చదరపు ముక్క బయటికి వస్తాది. అర సెంటీమీటరు కంటే పొట్టిగా ఉంటే రెండూ మార్చాల, ఒకటి మార్చి ఒకటి వదలొద్దు. అంగడికి పాత ముక్కను చేతికి తీసకపోండి, కంపెనీ పేరు చెప్తే సైజు తప్పు వస్తాది. లోపల బ్రష్షు రాసుకునే రాగి చుట్టు మసిబారి నల్లగా ఉంటే జీరో నంబరు సాండ్ పేపరుతో మెల్లగా రుద్ది దుమ్ము ఊదేయండి. కొత్త బ్రష్షులు వేసినాక జారు పెట్టకుండా రెండు నిమిషాలు ఉత్తగా ఆడిస్తే అవి కుదురుకుంటాయి, మొదట్లో రవ్వంత నిప్పురవ్వలు కనపడితే భయపడొద్దు, తగ్గకుండా రింగు మాదిరి చుట్టూ వస్తాంటే మాత్రం ఆపేయండి.

మోటరు తిరుగుతాది, జారులో బ్లేడు తిరగదు, రబ్బరు వాసన వస్తాది అంటే పైన ఉండే కప్లరు, అంటే మోటరును జారుకు కలిపే బిళ్ళ, దాని పండ్లు అరిగిపోయినాయి. శానా మిక్సీలకు దాని మర ఉల్టా ఉంటాది, కుడి పక్కకు తిప్పితే వదులవుతాది, తెలియక ఎడమకు తిప్పి బలం పెట్టి ఇరగ్గొట్టుకుంటారు. విప్పినప్పుడు వార్నీషు కాలిన వాసన గుప్పుమని వచ్చి తీగలు నల్లగా కనపడితే అప్పుడే అది వైండింగు, టౌనుకు పోవాల.

గ్యాసు పొయ్యి గురించి రెండే మాటలు. మంట పసుప్పచ్చగా వచ్చి గిన్నెలు మసి పడతాంటే బర్నర్ తూట్లు సూదితో తీసి సబ్బునీళ్ళతో కడిగి బాగా ఆరబెట్టండి, పైపు మీద ముద్రించిన సంవత్సరం చూసి 5 ఏండ్లు దాటితే మార్చండి. వాసన వస్తే నిప్పుతో చూడొద్దు, సబ్బు నురుగు పెట్టండి, బుడగలు వస్తే రెగ్యులేటరు ఆపి 1906కి ఫోన్ చెయ్యండి. నీళ్ళు కాంచే హీటరు కడ్డీకి తెల్లగా పెచ్చు కడితే చింతపండు పులుసులో రాత్రంతా నానబెడితే ఊడొస్తాది, గీకితే కడ్డీ పాడవుతాది.

ఇంక టౌనుకు పోక తప్పదు అన్నప్పుడు బండి. నాది స్ప్లెండరు కాబట్టి దాని లెక్కే చెప్తా, మీది వేరేదైతే చైను కవరు మీదో బండి పుస్తకంలోనో రాసుంటాది. టైర్లలో గాలి ముందు 25 పీఎస్‌ఐ, వెనక ఒక్కరికైతే 28, వెనక మనిషి కూర్చుంటే 41. మా దగ్గర అందరూ ఒకటే గాలి పెట్టుకోని ఇద్దరూ ముగ్గురూ ఎక్కి పోతారు, గాలి తక్కువైతే మలుపులో బండి ఈడ్చినట్టు పోతాది, ట్యూబు నలిగి పంచరైతాది.

చైను మాత్రం మీరే చేసుకోండి, దీనికి మెకానిక్ అక్కర్లేదు. బండి సెంటర్ స్టాండు వేసి, ఇంజను ఆపి, న్యూట్రల్లో పెట్టి, చైను కవరుకు అడుగున ఉండే రబ్బరు మూత తీసి వేలితో చైను పైకి కిందికి ఆడించండి. మొత్తం కలిపి 20 నుంచి 30 మిల్లీమీటర్లు, అంటే ఇంచు అటు ఇటు ఆడాల. చక్రం కొంచెం కొంచెం తిప్పుతా నాలుగైదు చోట్ల చూడండి, అన్నిటి కంటే బిగుతుగా ఉండే చోట ఈ లెక్క సరిపోవాల. ఎక్కువ ఆడుతాంటే వెనక చక్రం యాక్సిల్ నట్టు, దాంతో పాటు స్లీవ్ నట్టు వదులు చేసి, రెండు పక్కలా ఉండే అడ్జస్టరు నట్లు ఇటు ఎన్ని చుట్లు తిప్పితే అటు అన్నే తిప్పాల, గీతలు రెండు పక్కలా ఒకే చోట నిలబడాల, లేకపోతే చక్రం వంకరగా కూర్చుంటాది. అంతా బిగించినాక వెనక బ్రేకు తొక్కి చూడండి, చక్రం జరిగింది కాబట్టి బ్రేకు కూడా మారుతాది, దాని నట్టు కూడా సరిచేసుకోవాల. దుమ్ము తుడిచి 90 నంబరు గేరు ఆయిలు వేయండి. ఇంజను ఆన్ చేసి గేర్లో పెట్టి తిరిగే చైనుకు గుడ్డ పట్టే వాళ్ళను చూసినా, ఆ గుడ్డతో పాటు వేళ్ళు కూడా పోతాయి, చక్రాన్ని చేత్తో తిప్పుకుంటానే తుడవండి.

పికప్ లేక, మైలేజీ పడిపోతే ఎయిర్ ఫిల్టరు తీసి చూడండి. జిగటగా నూనె పూసినట్టు ఉండే పేపరు ఫిల్టరుకు గాలి కొట్టకూడదు, కడగకూడదు, మార్చడమే, మా దుమ్ము దావల్లో కంపెనీ చెప్పిన కిలోమీటర్ల కంటే ముందే మార్చాల్సి వస్తాది. స్పార్కు ప్లగ్గు కొన ఇటుక రంగులో ఉంటే ఇంజను బాగుంది, పొడి మసి పట్టింటే ఫిల్టరో పెట్రోలో, నూనెతో తడిగా ఉంటే మెకానిక్ పని.

మిక్సీనో ఫ్యాను మోటరో కట్టేటప్పుడు నైలాను తాడు వద్దు, జారుతాది, పాత సైకిలు ట్యూబును పట్టీలు పట్టీలుగా కోసి పెట్టుకోండి, అదురుకు సాగి మళ్ళా బిగుసుకుంటాది. గోతాంలో చుట్టి వెనక సీటు మీద సరిగ్గా మధ్యలో, మీ వీపుకు ఆనుకోనేటట్టు పెట్టండి, క్యారియరు చివర వేలాడదీస్తే ముందు చక్రం తేలికై హ్యాండిలు ఊగుతాది. ట్యూబు కొనలు చైను పక్కకు, చక్రం పక్కకు వేలాడకుండా లోపలికి దోపండి. పెట్రోలు ట్యాంకు మీద బరువు పెట్టుకుంటే హ్యాండిలు పూర్తిగా తిరగదు, ఆ పని వద్దు. ఆడోళ్ళు వెనక కూర్చుంటే చీర కొంగు చుట్టుకోమని చెప్పండి, శారీ గార్డు పీకేసింటే మళ్ళా వేయించండి. హెల్మెట్ పెట్టుకోని బయలుదేరి, రెండు కిలోమీటర్లు పోయినాక మెయిన్ రోడ్డు ఎక్కకముందే ఒకసారి ఆపి మూటను చేత్తో గట్టిగా కదిపి చూడండి, ముడి వదులైంటే ఆడే తెలిసిపోతాది.