టెక్సస్ ఇంట్లో నీటి పైపులు గడ్డకట్టకుండా ఇన్సులేషన్ వేయడం ఎలా?

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొనే మనవాళ్లు వంటింటి గ్రానైటు గురించి వాకబు చేసినంతగా నీటి పైపుల గురించి చేయరు. అందులో వింతేమీ లేదు. మన ఊళ్లలో పైపుతో వచ్చే ఇబ్బందల్లా మే నెలలో డాబా మీది ట్యాంకు నీళ్లు సలసల కాగడమే. లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు దిగితే అది పేపర్లో వార్త. టెక్సస్‌లో ఇళ్లు కట్టినవాళ్లూ ఎండనే దృష్టిలో పెట్టుకున్నారు కాబట్టి చాలా ఇళ్లలో పైపులు అటకలో సీలింగు మీదుగా, బయటి గోడల లోపలగా పోతాయి. 2021 ఫిబ్రవరి 16న డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో మైనస్ 2 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైంది, అంటే మైనస్ 19 సెల్సియస్. దానికి తోడు కరెంటు పోయింది. పైపులు పగిలి, సీలింగు నాని, హాల్లోకి ఊడిపడిన ఇళ్లు ఎన్నో.

అప్పటి నుంచి చలికాలం వస్తోందంటే చాలు, అందరూ ఫోమ్ గొట్టాలు కొంటున్నారు. కొని, తొడిగి, పైపు ఎక్కడ గడ్డకడుతుందో సరిగ్గా అక్కడే వదిలేస్తున్నారు.

పని అక్టోబరు చివర్లో, పొద్దున్నే పెట్టుకోండి. అంతకు ముందు అటక ఎక్కితే ఉడికిపోతారు. నవంబరు దాటితే దుకాణాల్లో సరుకు ఉండదు.

కావలసినవి: ఫోమ్ గొట్టాలు, జిప్ టైలు, అల్యూమినియం టేపు, పదునైన కట్టర్, కాగితం అంటించని ఫైబర్‌గ్లాస్ పరుపు చుట్టలు, మాస్కు, గ్లవుజులు, పొడుగు చేతుల చొక్కా, తలకు పెట్టుకునే లైటు. గొట్టం కొనేటప్పుడు పైపు బయటి వ్యాసం చూసుకోండి. అర అంగుళం పైపు అంటే బయట 5/8 అంగుళం, ముప్పావు అంగుళం పైపు అంటే 7/8. రాగి పైపుకైనా, పెక్స్ అనే ప్లాస్టిక్ పైపుకైనా ఇదే లెక్క. వదులుగా ఉన్న ఫోమ్‌కూ పైపుకూ మధ్య చల్లగాలి ఆడుతుంది. ఫోమ్ మందం ముప్పావు అంగుళం కన్నా తక్కువ ఉన్న గొట్టం కొనవద్దు. సన్నవి చవకే, అంతకు మించి వాటి గురించి చెప్పడానికేమీ లేదు.

బయటి కుళాయిలు

ముందు తోట పైపు విప్పేయండి. దాన్ని తగిలించి ఉంచితే నీళ్లు లోపలే నిలిచి, గడ్డకట్టి, గోడ లోపలున్న కుళాయి భాగాన్ని పగలగొడతాయి. చలికి తట్టుకునే రకం కుళాయి అని బిల్డరు చెప్పినా సరే విప్పాలి. ఆ పైన ఫోమ్ టోపీ బిగించండి. కుళాయి గోడలోకి దూరే చోట చుట్టూ సందు ఉంటే సీలెంటుతో పూడ్చండి. పెన్సిలు పట్టేంత సందు చాలు, గాలి నేరుగా లోపలి పైపుకు తగలడానికి.

తిన్నగా పోయే పైపులు

ఇది పిల్లలు కూడా చేస్తారు. పైపు తుడిచి, గొట్టం చీలిక తెరిచి తొడిగి, అంచుల మీది కాగితం లాగేసి అతికించండి. ఆ జిగురును నమ్ముకోవద్దు. టెక్సస్ వేసవిలో అటక వేడికి జిగురు ఎండిపోయి చీలిక నోరు తెరుస్తుంది. బట్ట టేపుదీ ఇదే గతి. అడుగుకో జిప్ టై వేయండి, ఫోమ్ నొక్కుకుపోయేంత బిగించవద్దు. నలిగిన ఫోమ్‌లో గాలి ఉండదు, చలిని ఆపేది ఆ గాలే.

వంపుల దగ్గర రెండు ముక్కలను 45 డిగ్రీల కోణంలో కోసి అంచుకు అంచు ఆనేలా కలపాలి. టీ జాయింటు దగ్గర ఒక ముక్కకు ‘వి’ ఆకారంలో గంటు కోసి రెండో ముక్కను అందులో కూర్చోబెట్టాలి. ఆ అతుకుల మీద అల్యూమినియం టేపు చుట్టాలి. రెండడుగుల గొట్టాన్ని వంచి మూల తిప్పేస్తే లోపలి వైపు ముడత పడి, బయటి వైపు చీలిక తెరుచుకుంటుంది. పెక్స్ పైపు గడ్డకట్టినా కొంత సాగుతుంది కానీ దాని జాయింట్లు సాగవు. వంపు దగ్గర బద్ధకించారంటే బలహీనమైన చోటునే బట్టబయలు చేసినట్టు.

అటక: అందరూ తప్పు చేసేది ఇక్కడే

ఫోమ్ వేడి పుట్టించదు. ఉన్న వేడి పోయే వేగాన్ని తగ్గిస్తుంది, అంతే. చలి ఒకటి రెండు రోజులు నిలిచి, పైపులో నీళ్లు కదలకుండా ఉంటే, ఎంత మందం తొడిగినా ఏదో ఒక గంటకు లోపల మంచు మొదలవుతుంది. కాబట్టి అటకలో పైపును చూసినప్పుడు తేల్చుకోవాల్సింది ఒకటే: దీనికి వేడి ఎక్కడి నుంచి అందుతుంది? కింది గదిలో నుంచి, సీలింగు పలక గుండా అందుతుంది. దానికి మరో దారి లేదు.

ఇప్పుడు చాలామంది చేసే పని చూడండి. దూలాల మధ్య పోయే పైపును పైకెత్తి, కింద ఫైబర్‌గ్లాస్ దట్టంగా కూరి, నాలుగు వైపులా చుట్టేశామని సంతోషిస్తారు. కింది నుంచి వచ్చే వేడికి వాళ్లే అడ్డుగోడ కట్టారు. పైపు ఇప్పుడు ఇంట్లో లేదు, ఆరుబయట ఉంది.

చేయాల్సిన తీరు వేరు. పైపు కిందా పక్కలా ఉన్న పాత ఇన్సులేషన్ తీసేసి, పైపుకూ సీలింగు పలకకూ మధ్య ఏమీ లేకుండా చేయండి. తర్వాత ఫైబర్‌గ్లాస్ పరుపును పైపు మీదుగా పరచండి. రెండు పక్కలా కనీసం ఒక్కో అడుగు దిగి, అంచులు పక్కనున్న ఇన్సులేషన్‌కు ఖాళీ లేకుండా ఆనాలి. కోడిపెట్ట పిల్లల మీద రెక్కలు పరిచినట్టు ఉండాలి, కింద వెచ్చదనం నిలవాలి. సీలింగును ఆనుకుని పోయే పైపుకు ఫోమ్ గొట్టం అక్కర్లేదు, ఈ పరుపు చాలు. పైపు సీలింగును వదిలి ఖాళీ అటకలోకి లేచిన చోట మాత్రం ఫోమ్ తొడిగి, దాని మీద పరుపు చుట్టాలి. ఆ లేచిన భాగం ఎంత పొట్టిగా ఉన్నా వదలవద్దు.

చూరు దగ్గర ఇంకాస్త జాగ్రత్త. అటకలోకి గాలి రావడానికి చూరు కింద రంధ్రాలు ఉంటాయి, ఉత్తరపు గాలి వాటిలోంచి నేరుగా పైపు మీదికి కొడుతుంది. ముందు గడ్డకట్టేది అక్కడే. అలాగని రంధ్రాలు మూసేయకూడదు, అటకలో చెమ్మ చేరి చెక్క పాడవుతుంది. రంధ్రానికీ పైపుకూ మధ్య గట్టి ఫోమ్ పలక ఒకటి నిలబెట్టి గాలిని పైకి మళ్లించండి.

అడుగు దూలాల మీదే వేయండి, మధ్యలో వేస్తే కాలు పడకగదిలో తేలుతుంది. గ్యాస్ వాటర్ హీటరు పొగగొట్టానికి ఆరంగుళాల దూరంలోపు ఏ ఇన్సులేషనూ ఉండకూడదు. సీలింగులో బిగించిన పాత రకం లైట్ల మీద పరుపు కప్పితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

ఇన్ని పాట్లు ఎందుకు, కరెంటుతో వేడెక్కే తీగ చుట్టేస్తే పోదా అని అడుగుతారు. టెక్సస్‌లో ఆ తీగ వద్దు. 2021లో అత్యంత అవసరమైన రాత్రి కరెంటు లేదు, కరెంటు లేనప్పుడు అది ఉత్త తీగ. చుట్టు మీద చుట్టు పడితే కొన్ని రకాలు మాడిపోతాయి కూడా. మిన్నెసోటాలో ఉండేవాళ్ల సంగతి వేరు, వాళ్ల చలి లెక్కే వేరు.

గడ్డకట్టే రాత్రి

ఉష్ణోగ్రత 20 ఫారన్‌హీట్‌కు దిగుతుందని హెచ్చరిక వస్తే, ఇన్సులేషన్ ఎంత బాగా వేసినా కుళాయి సన్నని ధారగా వదలాలి. నీళ్లు మంచుగా మారేటప్పుడు ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. మంచు గడ్డకూ మూసిన కుళాయికీ మధ్య చిక్కిన నీటి మీద ఒత్తిడి పెరిగిపోయి పైపు పగులుతుంది. కుళాయి తెరిచి ఉంటే ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది. మెయిన్ పైపు ఇంట్లోకి వచ్చే చోటికి ఎక్కువ దూరంలో ఉన్న కుళాయి వదలండి. ఒకే పిడి ఉన్నదైతే పిడిని మధ్యలో పెట్టండి, వేడి నీళ్ల పైపూ పగులుతుంది కదా. బయటి గోడనున్న సింకు కింది తలుపులు తెరిచి ఉంచండి.

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ముందే చెప్పి పెట్టండి. మా అత్తగారు రాత్రి రెండింటికి లేచి, నీళ్లు వృథా పోతున్నాయని కుళాయి గట్టిగా కట్టేసి మరీ పడుకుంటారు. ఇప్పుడు ఆ కుళాయికి కాగితం అంటించి ఉంటుంది, తెలుగులో, పెద్ద అక్షరాలతో.

సంక్రాంతికి ఊరెళ్తే

ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు గదులు వెచ్చబెట్టే హీటర్ ఆపేసి బిల్లు మిగుల్చుకునేవాళ్లున్నారు. 55 ఫారన్‌హీట్ కన్నా తక్కువ పెట్టవద్దు. అదీ చాలదు. ముందు వాటర్ హీటర్ ఆపి, మెయిన్ వాల్వు కట్టేసి, ఇంట్లో అన్నిటికన్నా కింద ఉన్న కుళాయితో సహా అన్నీ తెరిచి పైపులు ఖాళీ చేయండి. ఆ వాల్వు చాలా ఇళ్లలో వీధి వైపు, మీటరు పక్కన నేలలో పెట్టె లోపల ఉంటుంది. దాన్ని తిప్పే పొడుగు తాళం ఇప్పుడే కొని గ్యారేజీలో పెట్టుకోండి. ట్యాంకు లేని వాటర్ హీటరు బయటి గోడకు ఉంటే అందులోని నీళ్లూ వంపేయండి. గడ్డకట్టకుండా అందులో ఉన్న ఏర్పాటు కూడా కరెంటు మీదే నడుస్తుంది.

తిరిగి వచ్చాక వాల్వు ఒక్కసారిగా తిప్పవద్దు. కుళాయిలు తెరిచే ఉంచి, పావు వంతు తెరిచి, అటకలోకి లైటు వేసి చూస్తూ, గాలి పోయి నీళ్లు సాఫీగా వచ్చాకే పూర్తిగా తెరవండి. పగిలిన పైపు గడ్డకట్టి ఉన్నంతసేపూ ఒక్క చుక్కా కారదు, కరిగాకే బయటపడుతుంది. అందుకని ఆ పూట ఇంట్లోనే ఉండండి. వాటర్ హీటర్ ట్యాంకు నిండి వేడి నీళ్ల కుళాయిలో ధార నిలకడగా వచ్చే వరకూ దాన్ని వెలిగించవద్దు.