బీఎస్సీ మ్యాథ్స్ చేసి సైన్స్‌లో పీహెచ్‌డీకి అప్లై చేయాలంటే

డిగ్రీలో మ్యాథ్స్ తీసుకున్నవాళ్ళకి మా ఊళ్ళో చెప్పే దారులు మూడే: బీఈడీ, ఎమ్మెస్సీ, లేదంటే బ్యాంకు కోచింగ్. బయాలజీలో పీహెచ్‌డీ చేస్తానంటే మా మావయ్య "అది బైపీసీ వాళ్ళది కదరా" అన్నాడు. నేను చదివింది ఎమ్మెస్సీఎస్, అంటే మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్. ఇప్పుడు ఒక బయాలజీ ల్యాబులో ఉన్నాను, పైపెట్ (ద్రవాలు కొలిచి తీసే గొట్టం) పట్టుకోవటం ఇప్పటికీ సరిగ్గా రాదు, దాని అవసరం కూడా పెద్దగా పడలేదు.

మొదట అర్హత చూసుకోండి. ఏ సబ్జెక్టులు ఉండాలన్నారో ఆ పేరాని పదం పదం చదవాలి. నేను చదవలేదు. ఫిజిక్స్ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి (ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి ఒకేచోట చేసేది) ఫీజు కట్టి, పరీక్ష రాసి, ఇంటర్వ్యూ దాకా వెళ్ళాక సర్టిఫికెట్లు చూసేచోట "మీ డిగ్రీలో ఫిజిక్స్ లేదు కదా" అన్నారు. తప్పు నాదే, రానుపోను రైలు ఛార్జీలు కూడా నావే. ఎంపీసీ వాళ్ళకి ఈ బాధ లేదు, ఐఐఎస్సీ ఫిజికల్ సైన్సెస్ లాంటివి వాళ్ళు నిక్షేపంగా పెట్టుకోవచ్చు. నాలాంటి వాళ్ళకి బయాలజీ వైపు తలుపు పెద్దది. బెంగళూరులో బయాలజీ పరిశోధన జరిగే ఎన్‌సీబీఎస్‌లో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి ఏదైనా బేసిక్ సైన్స్ డిగ్రీ చాలు, దానికి రాయాల్సింది జేజీఈఈబిల్స్ అనే పరీక్ష. అందులో బయాలజీ బట్టీ పట్టినవాళ్ళకంటే గ్రాఫు చూసి ఆలోచించగలిగినవాళ్ళు నెగ్గుకొస్తారని నా అభిప్రాయం.

మూడేళ్ళ డిగ్రీ అయితే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ, లేదా ముందు ఎమ్మెస్సీ. నాలుగేళ్ళ ఆనర్స్ చేస్తున్నవాళ్ళకి ఇంకో దారి ఉంది: 2022 యూజీసీ నిబంధనల ప్రకారం 75 శాతం మార్కులుంటే నేరుగా పీహెచ్‌డీకి అర్హులే, రిజర్వేషన్ వర్గాలకి 5 శాతం సడలింపు. అర్హత వేరు, సీటు వేరు, ఏ సంస్థ ఏం అడుగుతుందో విడిగా చూసుకోవాల్సిందే.

ఇక తేదీలు. ఫైనల్ ఇయర్ మొదలయ్యాక ఆగస్టు నుంచే క్యాలెండర్ గోడకి తగిలించుకోండి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకీ, కొన్ని ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీలకీ రాసే జామ్ అప్లికేషన్లు సెప్టెంబరు ప్రాంతంలో తెరుస్తారు, పరీక్ష ఫిబ్రవరిలో. టీఐఎఫ్ఆర్ (ముంబై టాటా పరిశోధన సంస్థ) పరీక్ష మామూలుగా డిసెంబరులో ఉంటుంది. జామ్‌లో 60 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 20 ప్రశ్నలకి ఆప్షన్లే ఉండవు, జవాబు మనమే టైప్ చేయాలి, ఎంసెట్ రోజుల నుంచి ఎలిమినేషన్‌కి అలవాటుపడ్డ చేతికి అక్కడే వణుకు పుడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. "నాకు లెక్కలంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం" అని ఎస్ఓపీలో, అంటే ఎందుకు చేరాలనుకుంటున్నారో చెప్పే వ్యాసంలో, రాస్తే చదివేవాళ్ళకి ఏమీ తెలియదు, మ్యాథ్స్ డిగ్రీ ఉన్నవాడికి లెక్కలు వచ్చని వాళ్ళకి తెలుసు, వాళ్ళ అనుమానమల్లా వీడు ఆ సైన్స్‌ని ఎప్పుడైనా ముట్టుకున్నాడా అని. అందుకే ఒక్క చిన్న పనైనా చేసి చూపించాలి. నేను చేసింది ఇది: 1978లో ఇంగ్లండ్‌లో ఒక బోర్డింగ్ స్కూల్లో ఫ్లూ వచ్చింది. 763 మంది పిల్లలు, ఏ రోజు ఎంతమంది మంచంలో ఉన్నారో 14 రోజుల లెక్క అందరికీ దొరుకుతుంది. దానికి ఎస్ఐఆర్ మోడల్ (సోకాల్సినవాళ్ళు, సోకినవాళ్ళు, కోలుకున్నవాళ్ళు అని జనాన్ని మూడుగా విడదీసేది), అంటే డిగ్రీలో చదివిన డిఫరెన్షియల్ ఈక్వేషన్లే, మూడు. పైథాన్‌లో వేసి, సోకే రేటూ కోలుకునే రేటూ మారుస్తూ గీతని ఆ చుక్కల మీదకి తేవాలి. మొదటి రాత్రి నా గీత ఎక్కడో ఆకాశంలో ఉంది, జనాభాతో భాగించటం మర్చిపోయాను. అది సరిచేశాక గీత చుక్కల దగ్గరికి వచ్చింది, కానీ చివరి రోజుల్లో కాస్త తేడా, ఎందుకో ఆలోచిస్తే పిల్లల్ని మంచంలో పడుకోబెట్టటమంటే విడిగా ఉంచటమే కదా అని తట్టింది. ఇంటర్వ్యూలో పావుగంట దీనిమీదే నడిచింది.

ఇలాంటిది కొత్తేమీ కాదు. వాల్తేరులో మ్యాథ్స్ ఎంఏ చేసిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు కేంబ్రిడ్జి మ్యూజియంలో పాత అస్థిపంజరాల కొలతల మీద పని చేస్తూ, అక్కడే 1948లో పీహెచ్‌డీ పొందారు.

ప్రొఫెసర్లకి మెయిల్ పెట్టేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్" అని ఒకే ఉత్తరాన్ని యాభైమందికి పంపకండి, తెలిసిపోతుంది. ఆరు లైన్లు చాలు: మీరెవరు, ఆయన పేపర్లో ఏ బొమ్మ దగ్గర మీకు సందేహం వచ్చింది, మీరు చేసిన పని లింకు, సమ్మర్‌లో వచ్చి పనిచేయొచ్చా. పదిమందికి రాస్తే ఇద్దరు జవాబిచ్చినా మంచిదే. దానికి తోడు సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కి పెట్టుకోండి, రెండు నెలలు నిజమైన ల్యాబులో ఉంటారు.

సిఫార్సు లేఖల సంగతి చెప్పాలి. మన కాలేజీల్లో సార్‌ని అడిగితే "నువ్వే రాసుకుని రా, సంతకం పెడతా" అంటారు. అలా వద్దు. మీరు చేసిన సెమినార్, పరీక్షలో మీరు వేరే పద్ధతిలో చేసిన లెక్క, ప్రాజెక్టు వివరాలు ఒక పేజీ రాసిచ్చి, ఇందులోంచి మీరే రాయండి సార్ అని బతిమాలండి. అమెరికా అప్లికేషన్లకి సాధారణంగా ఇలాంటివి మూడు కావాలి, గడువులు ఎక్కువగా డిసెంబరు మొదటి పదిహేను రోజుల్లో. అక్కడ బ్యాచిలర్స్ తర్వాత నేరుగా పీహెచ్‌డీ మామూలే, కానీ మూడేళ్ళ డిగ్రీని అన్ని యూనివర్సిటీలూ ఒప్పుకోవు, ఫీజు కట్టకముందే డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి మెయిల్ పెట్టి అడగండి. కన్సల్టెన్సీకి డబ్బులు పోయకండి, వాళ్ళకి తెలిసింది విదేశీ మాస్టర్స్ (ఎంఎస్) ఒక్కటే.

ఇంటర్వ్యూలో తెలియనిది తెలియదనండి, కానీ అక్కడితో ఆగకుండా బోర్డు మీద ఏదో ఒకటి గీయండి. నన్ను డీఎన్‌ఏ కాపీ అయ్యేటప్పుడు తప్పులు ఎలా పెరుగుతాయని అడిగారు, బయాలజీ రాలేదు, ప్రాబబిలిటీ మొదలుపెట్టాను, మిగతాది వాళ్ళే అందించారు.

ఇంట్లో "ఇంకెన్నేళ్ళు?" అంటారు. జేఆర్ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్ళకి మొదట్లో ఇచ్చే ఫెలోషిప్, నెలకి 37,000 అని చెప్పండి, కాస్త నెమ్మదిస్తారు. ఇంటిగ్రేటెడ్‌లో మొదటి రెండేళ్ళు అంత రాదు, అది కూడా చెప్పేయండి.

చివరగా, ఫైనల్ సెమ్ ఫలితాలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ జులై దాటినా రాకపోవచ్చు. చేరే తేదీకి అది లేకపోతే ఎలాగని మే నెలలోనే అడ్మిషన్ ఆఫీసుని రాతపూర్వకంగా అడిగి, ప్రిన్సిపాల్ దగ్గర బోనఫైడ్ తీసి పెట్టుకోండి, సెలవులిచ్చాక ఆఫీసులో క్లర్కు దొరకడు.